ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్, ముప్పై ఏడో బిళ్ళ

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో భూకంపం లేదు, రైలు పట్టాలు తప్పడం లేదు. కానీ ఒక కంపెనీ ఎనిమిదేళ్ళు కూడబెట్టుకున్న తెలివినంతా ఒకే ఒక్క ఉదయం, ఒకే ఒక్క సంతకంతో, అదీ మూడు ప్రతుల్లో తగలేసిన ఘనుడి కథ ఉంది. ఆ ఘనుణ్ణి నేనే. అప్పుడు నాకు ఇరవై నాలుగు, ఇప్పుడు ఇరవై ఎనిమిది. ఈ మధ్యలో బుద్ధి ఎంత వచ్చిందో చివరిదాకా చదివి మీరే తేల్చండి.

హైదరాబాద్‌లో పుట్టి, అక్కడే పెరిగి, ఒక ఇంజనీరింగ్ డిగ్రీ, దానికి రెండింతల కోపం వెంటేసుకుని ఖరగ్‌పూర్‌లో దిగాను. మా సత్యం మావయ్యకి అక్కడ తెలుగు రైల్వేవాళ్ళుండే ట్రాఫిక్ కాలనీ దాటాక ఒక రేకుల షెడ్డు, అందులో తొమ్మిదిమంది పనివాళ్ళు ఉన్నారు. రైలుపెట్టెలకి కావలసిన రబ్బరు సామాన్లు అక్కడ తయారయ్యేవి. కుళాయి వాషర్లు, తలుపుల కింద మెత్తలు, కిటికీ అద్దం చుట్టూ ఉండే నల్లపట్టీలు. మీరు రైల్లో కిటికీ పక్కన కూర్చుని గోటితో గీకుతారే, ఆ పట్టీలే.

షెడ్డు మొత్తానికీ ఉన్న ఒకే ఒక విలాసం మావయ్య కొన్న కార్డ్‌లెస్ ఫోను. దిగిన రెండో రోజే దాన్ని స్వాధీనం చేసుకున్నాను. ఒక చేతిలో ఫోను, రెండో చేత్తో గాల్లోకి ఆజ్ఞలు. భోజనానికి కూర్చున్నా కంచం పక్కన ముందు ఫోను, ఆ తరవాతే పెరుగు గిన్నె. యాంటెన్నా పైకి లాగి నడుస్తుంటే నాకు నేను యుద్ధనౌకలా అనిపించేవాణ్ణి. పనివాళ్ళ కంటికి మాత్రం గాలం పట్టుకుని చెరువు వెతుక్కుంటున్నవాడిలా ఉండేవాణ్ణని తరవాత తెలిసింది. గేటు దాటితే ఆ ఫోను గరగరమని ప్రాణం విడిచేది కాబట్టి నేను గేటు దాటేవాణ్ణే కాదు.

షెడ్డులో ఒక మూల చిన్న గది. అందులో ఆశీర్వాదం తాత. నాకు తాత కాదు, కానీ కాలనీలో సగంమందికి తాతే. రైల్వే వర్క్‌షాపులో జీవితమంతా పనిచేసి రిటైరై, ఇంట్లో కూర్చోలేక మావయ్య దగ్గర చేరాడు. రబ్బరుని అచ్చుల్లో నొక్కే ఒక చిన్న ప్రెస్సు, ఒక ముసలి ఓవెన్, ఒక బిస్కెట్ల డబ్బా ఆయన ఆస్తి. ఏడాదికోసారి మావయ్య ఆ డబ్బాలో కొంత డబ్బు వేసేవాడు. దాన్ని 'ప్రయోగాల డబ్బా' అనేవాళ్ళు. పెద్ద కంపెనీలు పరిశోధన విభాగం అని బోర్డు పెట్టుకుని చేసే పనిని మా షెడ్డులో ఈ డబ్బా చేసేది.

తాత వెతుకుతున్నది ఒక్కటే. ఎండకి పగలని కిటికీ పట్టీ. మామూలు పట్టీ రెండు వేసవులు గడిస్తే తాత మడమలా పగుళ్ళు తీస్తుంది. పగలని మిశ్రమం కోసం ఆయన ఎనిమిదేళ్ళుగా రబ్బరులో ఏవేవో పొడులు కలుపుతున్నాడు. ప్రతి మిశ్రమంతో గారె సైజులో మూడేసి బిళ్ళలు పోసేవాడు. బిళ్ళ మీద మిశ్రమం నంబరూ తేదీ అచ్చులోనే పడేవి. ఏం కలిపాడో ఒక నోట్‌బుక్కులో రాసుకునేవాడు. నేను వెళ్ళేనాటికి ముప్పై ఏడు మిశ్రమాలు, నూట పదకొండు బిళ్ళలు అలమారు నిండా ఉన్నాయి. ముప్పై ఏడో దాని మీద ఆయనకి చాలా ఆశ. "ఈ ఏసవి ఒక్కటీ దాటితే సాలు బాబూ, తేలిపోతాది," అనేవాడు.

ఇంతలో టెండరు కాగితం వచ్చింది. ఈసారి నుంచి నాణ్యత సర్టిఫికెట్, అదే తొమ్మిదివేల నంబరుది, ఉన్నవాళ్ళే రావాలట. మావయ్య మొహం చిన్నదైపోయింది. ఆ టెండరు పోతే షెడ్డుకి తాళమే. తొమ్మిదిమందీ, తాతా వీధిన పడతారు.

"నేను తెస్తాను," అన్నాను, ఫోను గాల్లోకి ఎత్తి.

కలకత్తాలో ఒక కన్సల్టెంటుకి ఫోను చేశాను. ఆయన నిదానంగా, ఇందులో తొమ్మిదివేల ఒకటి అని ఒకటుంది, తొమ్మిదివేల రెండు అని ఒకటుంది, మీలాంటి చిన్న షెడ్డుకి రెండు సరిపోతుంది అన్నాడు. అంతే, నాకు నెత్తికెక్కింది. ఒకటి ఉండగా రెండా? మమ్మల్ని చూడకుండానే సెకండ్ క్లాసులో పడేస్తాడా? ఆయన ఇంకా ఏదో వివరించబోతున్నాడు. ఆ వివరణ విని ఉంటే ఈ కథ ఉండేది కాదు. నేను ఫోను పెట్టేసి, ఒకటికే అప్లికేషన్ పంపాను.

ఈ సంగతి షెడ్డులో గర్వంగా ప్రకటించినప్పుడు తాత ఒక్కడే అనుమానంగా చూశాడు.

"ఫస్ట్ క్లాసులో ఎల్లినోడూ సెకండ్ క్లాసులో ఎల్లినోడూ ఒకే టయానికి గదా బాబూ దిగుతారు?"

"సీటు వేరు తాతా."

"సీటు కోసం ఎల్తన్నామేటి మనం?"

నేను వినిపించుకోలేదు. ఫోను మోగింది.

ఇక చూడండి నా ప్రతాపం. సర్టిఫికెట్ అంటే ముందు ఖర్చు. ఫీజులు, ఫైళ్ళు, ఇనప బీరువాలు. క్వాలిటీ మాన్యువల్ అని ఒక లావుపాటి పుస్తకం. కన్సల్టెంటు నమూనాగా పంపిన దాన్ని కంపెనీ పేరు మాత్రం మార్చి, ప్రేమ్ బజార్‌లో స్టూడెంట్ల థీసిస్‌లు టైపు చేసే దీదీ చేత టైపు చేయించాను. టైపు చేస్తూ చేస్తూ ఆవిడ, ఇందులో ఏముందో నువ్వు చదివావా అని అడిగింది. సంతకం చేసేవాడు చదవాలా అన్నాను. చివరికి సంతకం మావయ్య చేశాడు. ఆయనా చదవలేదు.

డబ్బు చాలలేదు. నా చూపు బిస్కెట్ల డబ్బా మీద పడింది. నాణ్యతకి సర్టిఫికెట్టే వస్తుంటే ఇంకా ప్రయోగాలెందుకు? తెలియనివాడు కదా ప్రయోగాలు చేసేది? ఈ సిద్ధాంతాన్ని మావయ్యకి అరగంటసేపు చెప్పాను. సగం నా వాగ్ధాటికి, సగం టెండరు భయానికి ఆయన తలూపాడు. డబ్బా ఖాళీ అయింది. తాత గది 'రికార్డు రూము' అయింది. ఓవెన్ని గోడవైపు తిప్పి దాని మీద ఫైళ్ళు పేర్చాను. తాతని ప్యాకింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, సర్టిఫికెట్ వచ్చాక చూద్దాం అన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని వాషర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇది రాస్తుంటే మాత్రం ఆ కళ్ళద్దాలే కనిపిస్తున్నాయి.

తరవాత చీటీల యజ్ఞం. షెడ్డులో ఏ వస్తువు ఏ స్థితిలో ఉందో చూడగానే తెలియాలి. బాగున్నదానికి పచ్చ చీటీ, పనికిరానిదానికి ఎర్ర చీటీ, ఇంకా తేలనిదానికి పసుపు చీటీ. మూడు రోజులు నన్నెవరూ ఆపలేకపోయారు. ప్రెస్సుకి పచ్చ, టీ కెటిలుకి పచ్చ, మావయ్య కుర్చీకి పచ్చ. షెడ్డు పిల్లికి పసుపు కట్టబోతే గీరి పారిపోయింది.

బిళ్ళల అలమారు దగ్గరికొచ్చాను. నూట పదకొండింటికీ ఎర్రవి కట్టించాను.

"అవి పనికిరానివి కావు బాబూ," అన్నాడు తాత వెనకనుంచి. "అవి ఇంకా సూస్తన్నవి."

"ఎనిమిదేళ్ళ నుంచా?"

"రబ్బరు నీలాగ తొందరపడదు గదా."

నాకు కోపం వచ్చింది. ఎర్ర చీటీ పడినదాన్ని వారంలోగా నాశనం చెయ్యాలని మా మాన్యువలే చెబుతోంది అన్నాను. అందులో నేను చదివిన ఒకే ఒక్క వాక్యం అదే. 'ప్రయోగ నమూనాలు, నూట పదకొండు, నాశనం చేయబడినవి' అని ఫారం నింపి, మూడు ప్రతుల మీదా సంతకం చేశాను. ఆయన నోట్‌బుక్కు చూసి, స్టాంపు లేని కాగితం షెడ్డులో కనపడకూడదు, ఇంటికి పట్టుకుపొమ్మన్నాను. అప్పుడే ఫోను మోగింది. తాత గోనెసంచి పట్టుకుని ఎదురుగా నిలబడి ఏదో అడుగుతున్నాడు. ఫోను చెవికి ఆనించుకునే చెయ్యి ఊపాను. మళ్ళీ ఏదో అడిగాడు. మళ్ళీ ఊపాను. నా చెయ్యి ఆ రోజు దేనికి ఒప్పుకుందో నాకు నాలుగు నెలల తరవాత తెలిసింది.

నడివేసవిలో సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళ ఆడిటర్ వచ్చాడు. సన్నటి బెంగాలీ పెద్దమనిషి. చేతిలో గొడుగు, సంచిలో టిఫిను డబ్బా, గొంతులో అస్సలు తొందర లేదు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త బ్యాటరీ వేసిన ఫోనుతో ఎదురెళ్ళాను. పొద్దున్నంతా పెళ్ళి ఊరేగింపులా సాగింది. చీటీలు చూశాడు, తలూపాడు. ఫైళ్ళు చూశాడు, తలూపాడు. కెటిలుకి ఉన్న పచ్చ చీటీ చూసి మాత్రం కొంచెంసేపు ఆగి, టీ తాగాడు.

టీ అయ్యాక మాన్యువల్లో నాలుగో అధ్యాయం తెరిచి, కొత్త డిజైన్ల మీద మీరు చేసిన పని చూపించండి అన్నాడు.

"మేం డిజైన్ చెయ్యం సార్. రైల్వే బొమ్మ ఇస్తుంది, మేం చేసిస్తాం."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మరి తొమ్మిదివేల ఒకటి ఎందుకు అడిగారు?"

"అది ఫస్ట్ కదా సార్."

షెడ్డులో ఒక్కసారిగా ప్రెస్సులు కూడా ఊపిరి బిగబట్టాయని నా అనుమానం. ఆడిటర్ చాలా మర్యాదగా వివరించాడు. ఒకటీ రెండూ ర్యాంకులు కావట. కొత్తవి సొంతంగా కనిపెట్టి చేసేవాళ్ళకి ఒకటి. ఇచ్చిన బొమ్మ ప్రకారం చేసేవాళ్ళకి రెండు. కన్సల్టెంటు ఫోనులో చెప్పబోయింది ఇదేనని అప్పుడు నా బుర్రలో లైటు వెలిగింది. ఆ వెలుగులో నాకు నా మొహమే కనిపించింది.

రెండుకి మార్చుకుంటామన్నాను. కొత్తగా అప్లై చెయ్యాలి, ఈలోగా మీ టెండరు తేదీ దాటిపోతుంది అన్నాడు. ఆ తరవాత నాలుగో అధ్యాయంలో ఒక వాక్యం మీద వేలు పెట్టి, మావయ్యవైపు పుస్తకం తిప్పాడు. 'కొత్తవి రూపొందించే పనికి అవసరమైన డబ్బు, చోటు, మనుషుల్ని యాజమాన్యం ఏటా సమకూరుస్తుంది.' కింద మావయ్య సంతకం.

"ఈ ఏడాది ఏం సమకూర్చారు?"

మావయ్య నావైపు చూశాడు. నేను ఫోనువైపు చూశాను. అది జన్మలో మొదటిసారి అవసరానికి మోగలేదు.

ఆడిటర్ ఫైలు తిరగేస్తూ నా నాశనం ఫారం దగ్గర ఆగాడు. పైనుంచి కిందకి చదివి, "ఇన్ని రికార్డుల్లో ఇదొక్కటే పూర్తిగా నింపారు," అన్నాడు. "ఎనిమిదేళ్ళ పరిశోధన. తేదీతో సహా నాశనం చేశారు."

మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. నా కాళ్ళ కింద నేల, నేను కట్టించిన చీటీలన్నిటితో సహా, కదిలిపోతోంది. ప్యాకింగ్ టేబుల్ దగ్గర తొమ్మిదిమందీ పని ఆపేసి చూస్తున్నారు. వాళ్ళ అన్నం ఆ ఫారం మీద ఉందని వాళ్ళకి అర్థమైంది. నాకు కూడా, అప్పుడు.

తాత లేచి వచ్చాడు. ఆడిటర్‌కి నమస్కారం పెట్టి, నావైపు తిరిగాడు.

"నాశనం సెయ్యలేదు గదా బాబూ."

"ఏమిటి?"

"ఆ పొద్దు అడిగినాను గదా. ఇవి మా కోలనీవోళ్ళకి ఇచ్చీమంటావేటి అని. నువ్వు సెయ్యి ఊపినావు. పుస్తకంలో ఎవురికి ఏ నంబరు ఇచ్చినానో రాసుకోమంటావేటి అన్నాను. మల్లీ ఊపినావు."

ఆయన వెళ్ళి సైకిల్ సంచిలోంచి నోట్‌బుక్కు తెచ్చాడు. షెడ్డులో కనపడకూడదన్న నా ఆజ్ఞ ప్రకారం గేటు బయటే ఉంచాడట. అందులో ముప్పై ఏడు మిశ్రమాల వివరాలు. ఆఖరి పేజీల్లో నూట పదకొండు బిళ్ళల లెక్క: ఎవరింట్లో ఏ నంబరు, దేని కింద.

ఆడిటర్ గొడుగు అందుకుని, డిజైన్ పనికి సాక్ష్యం ఎక్కడుంటే అక్కడే చూడాలి, పదండి అన్నాడు.

అలా మేం ట్రాఫిక్ కాలనీలోకి బయలుదేరాం. ముందు సైకిలు మీద తాత, వెనక రిక్షాలో ఆడిటరూ మావయ్యా, ఆ వెనక నడుస్తూ నేను. గేటు దాటగానే ఫోను గరగరమంది. అలవాటు కొద్దీ చేతిలోనే ఉంది.

మొదటి ఇల్లు పైడమ్మది. వాళ్ళాయన లోకో షెడ్డులో ఫిట్టరు. కుట్టుమిషను నాలుగు కాళ్ళ కిందా మా నాలుగు బిళ్ళలు. బిళ్ళ తీసి చూడాలి అన్నాను.

"ఇచ్చినోళ్ళే మల్లీ అట్టుకెల్తారేటి? తీసేస్తే మిషను గుర్రంలాగ గెంతుతాది."

"చూసి ఇచ్చేస్తామమ్మా."

"నువ్వు ఎత్తు మిషను. నాను తీస్తాను."

ఎత్తాను. ఇస్త్రీ చొక్కా బటన్ ఒకటి తెగి ఆవిడ సూదుల డబ్బాలో పడింది. ఆడిటర్ బిళ్ళ మీద నంబరు చదివి, నోట్‌బుక్కులో సరిచూసి, ఇది వాడాక ఏమైనా తేడా ఉందా అని అడిగాడు. తాత బెంగాలీలోంచి తెలుగులోకి మార్చాడు. మిషను ఇప్పుడు పిల్లిలాగ ఉందని సెప్పు అంది పైడమ్మ. 'వాడకందారు అభిప్రాయం: సంతృప్తికరం' అని ఆడిటర్ రాసుకోవడం నా కళ్ళారా చూశాను.

ఇల్లిల్లూ తిరిగాం. మంచం కోళ్ళ కింద, కూలర్ కింద, ఊయల గొలుసు దగ్గర, హార్మోనియం పెట్టె కింద. ప్రతిచోటా ఎత్తేది నేను, తీసేది వాళ్ళు, చదివేది ఆడిటరు. మీరు నమ్మకపోవచ్చు, మూడో వీధికొచ్చేసరికి ఆ పెద్దమనిషి నాకంటే ముందు తనే వంగి మంచాల కిందకి చూస్తున్నాడు. నీడలో ఉన్నవన్నీ బాగానే ఉన్నాయి. ఆరుబయట ఉన్నవి మాత్రం వరసగా పగిలిపోయాయి. పంతొమ్మిది పగిలింది. ఇరవై ఆరు పగిలింది. ముప్పై రెండు పట్టుకోగానే నా చేతిలో బిస్కెట్టులా విరిగింది. మావయ్య మొహం చూడలేక నేను ముందు నడిచాను.

ఆఖరిది తాత సొంతిల్లు. ఆయన భార్య రత్నమ్మ మామ్మ గుమ్మంలోనే మజ్జిగ గ్లాసులతో నిలబడింది. ఇంటికప్పు రేకు మీద, రోజంతా ఎండ కాసేచోట, నీళ్ళ డ్రమ్ము. దాని కింద మూడు బిళ్ళలు. తాత నిచ్చెన వేశాడు.

"బాబూ, నువ్వే ఎక్కు," అన్నాడు. "నీ సేత్తోనే తీయి."

ఎక్కాలంటే రెండు చేతులూ కావాలి. ఫోను మామ్మ చేతికిచ్చాను. డ్రమ్ము ఒరగదీసి ఒక బిళ్ళ లాగాను. కాలిపోతోంది. చొక్కా అంచుతో తుడిచాను. ముప్పై ఏడు. వంచాను. వంగింది. మడిచాను. మడిచినా గీత పడలేదు. వదిలేస్తే పాత స్నేహితుడిలా మళ్ళీ తన ఆకారానికి వచ్చేసింది.

కిందకి అందించాను. ఆడిటర్ గోటితో గీరాడు, వెలుతురుకి పట్టాడు, ఇంకోసారి వంచాడు. "ఖూబ్ భాలో, దాదా," అన్నాడు మెల్లగా బెంగాలీలో, చాలా బాగుందని.

తాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈసారి అద్దాలకి మసి కూడా లేదు.

"ఈయన ఎనిమిదేళ్ళ నించీ నాతో కంటే దీంతోటే ఎక్కువ కాపరం సేసినాడు," అంది మామ్మ నాతో, ఫోను తిరగేసి పట్టుకుని. "బేగి దిగు బాబూ, మజ్జిగ ఏడెక్కిపోతాంది."

సర్టిఫికెట్ వెంటనే రాలేదు. ఆడిటర్ మూడు లోపాలు రాసి, నెల గడువిచ్చాడు. మొదటిది, ప్రయోగ నమూనాలకి తప్పు చీటీ కట్టారు. రెండోది, చెయ్యని నాశనానికి సంతకం చేశారు. మూడోది, కొత్తవి రూపొందించే పనికి ఏటా డబ్బూ చోటూ ఇస్తామని రాసి ఇవ్వలేదు. మొదటి రెండూ నావి. మూడోది దిద్దడానికి మావయ్య ఆ సాయంత్రమే బీరువాలు రెండు అమ్మేసి డబ్బా నింపాడు. ఫైళ్ళు నా టేబుల్ మీదకి వచ్చాయి, ఓవెన్ గోడనుంచి ఇటు తిరిగింది. నెలలోగా సర్టిఫికెట్ వచ్చింది. టెండరు దక్కింది. తొమ్మిదిమందీ ఇప్పుడు పద్నాలుగుమందయ్యారు. ముప్పై ఏడో మిశ్రమంతో చేసిన పట్టీ, మీరు ఈసారి రైలెక్కితే, మీ గోటి కింద ఉన్నా ఉండొచ్చు.

విచిత్రం ఏమిటంటే, ప్రయోగాల పీక నొక్కుదామని నేను తెచ్చిన కాగితమే ఇప్పుడు వాటికి కాపలా కాస్తోంది. ఆరు నెలలకోసారి ఆడిటర్ వచ్చి నాలుగో అధ్యాయం తెరుస్తాడని మావయ్యకి భయం. ఇదివరకు తాత డబ్బు అడగాలంటే తల గోక్కుంటూ వారం తిరిగేవాడు. ఇప్పుడు మాన్యువల్ చంకలో పెట్టుకుని వస్తాడు. "సత్యం, నాలుగో సాప్టరు తీయి," అంటాడు, అంతే. ఆ పుస్తకాన్ని మా షెడ్డులో మొదటినుంచి చివరిదాకా చదివిన ఒకే ఒక్కడు ఆయన.

సర్టిఫికెట్ వచ్చిన మర్నాడు పొద్దున్న నేను షెడ్డుకి వెళ్ళేసరికి నా కుర్చీ వెనక ఒక పసుపు చీటీ వేలాడుతోంది. ఇంకా తేలనివాటికి కట్టేది. మీద తాత చేతిరాత. 'ఎర్రది కడదామనుకున్నాను. ఇంకా సూస్తన్నాను.'

కాబట్టి మహాజనులారా, ఫోను టేబుల్ మీద పెట్టి, ఊపడానికి కాకుండా ఒట్టు వెయ్యడానికే కుడిచెయ్యి ఎత్తి, మూడు ప్రతుల్లో ప్రమాణం చేస్తున్నాను. ఒకటి పక్కన రెండు కనిపిస్తే తేడా ఏమిటో అడిగి తెలుసుకుంటాను. సంతకం పెట్టే ముందు చదువుతాను. ఎవరైనా గోనెసంచితో నిలబడి ఏదైనా అడిగితే చెవి మీంచి ఫోను తీస్తాను. ఇంకా చూస్తున్నదాన్ని పనికిరానిదని ఈ జన్మలో అనను.

నా ప్రతి నా దగ్గరుంది. మావయ్య ప్రతి మావయ్య దగ్గరుంది. మూడో ప్రతి మీద ఆశీర్వాదం తాత ఇంకా సంతకం పెట్టలేదు. ఒక వేసవి దాటనీ, సూద్దాం అన్నాడు. ఇప్పటికి నాలుగు దాటాయి.